జేజి చీరలు, జేజినాయన పంచెలతో ఆరుమూలల అతుకుల బొంత: ఏ బట్టకు ఏ పద్ధతి?

పెద్దవాళ్ళ బీరువా ఖాళీ చేస్తే బయటపడే బట్టలు ఒక రకంగా ఉండవు. జేజి కట్టిన నేతచీరలు నాలుగైదు, ధర్మవరం పట్టు ఒకటో రెండో, జేజినాయన పంచెలు, కండువాలు, మధ్యలో ఎప్పుడో కొన్న నైలెక్స్ చీరలు, అమ్మ చిన్నప్పటి లంగా గుడ్డ. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళకు వేయడానికి మనసొప్పదు, కట్టుకోవడానికి పనికిరావు. వీటిని ఆరుమూలల ముక్కలుగా కోసి, చేత్తో కలిపి బొంత కుట్టాలనుకునేవాళ్ళు మొదట అడిగేది డిజైను గురించే. నిజానికి అది చివర తేల్చుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సింది ఒకటే: మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బలహీనమైన గుడ్డ ఏది, దాన్ని బొంతలో ఉంచాలా, పక్కన పెట్టాలా? కుట్టే పద్ధతి, ముక్క సైజు, లోపలి పొర, అన్నీ ఆ గుడ్డ ఎంత తట్టుకుంటుందో దాన్నిబట్టే నడుస్తాయి.

కత్తెర పెట్టే ముందు

చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. పల్చబడిన చోట్లు వెలుతురులో ఇట్టే తెలిసిపోతాయి. తర్వాత రెండంగుళాల ఎడంలో రెండు బొటనవేళ్ళతో గుడ్డను పట్టుకుని పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి లాగండి. మంచి గుడ్డ అయితే వదలగానే మళ్ళీ దగ్గరవుతుంది. పోగులు విడిపోయి సందు అలాగే ఉండిపోతే ఆ గుడ్డ పనికొస్తుంది గానీ వెనక ఆసరా గుడ్డ వేయాలి. లాగినప్పుడు చిరుగుతున్న చప్పుడు వస్తే ఆ భాగాన్ని వదులుకోవడమే మేలు. మనసు చంపుకోలేక వాడితే ఆ ఒక్క ముక్క మొదటి ఉతుకులోనే పోతుంది, దాన్ని మార్చాలంటే చుట్టూ ఉన్న ఆరు ముక్కల కుట్లు విప్పాలి.

చీర అంతా ఒకేలా అరగదు. కుచ్చిళ్ళ కింది అంచు నేలకు రాసుకుని, కూర్చునే భాగం ఒత్తిడి పడి ముందు పల్చబడతాయి. లోపలి మొదటి చుట్టు ఎండ తగలక రంగు కూడా నిలుపుకుని ఉంటుంది, కొంగు చివర కూడా చాలా చీరల్లో గట్టిగానే ఉంటుంది. గంజి పెట్టి ఏళ్ళ తరబడి ఒకే మడతలో దాచిన చీరలు మడత గీత వెంట తెగుతాయి. గంజికి పురుగు కూడా పడుతుంది. ఐదున్నర మీటర్ల పాత నేతచీరలో సగం, అంటే సుమారు రెండున్నర నుంచి మూడు మీటర్లు మంచి గుడ్డ దొరుకుతుందని లెక్క వేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

ఏ గుడ్డ ఏ జాతిదో తెలియకపోతే అంచు నుంచి నాలుగు పోగులు తీసి, పట్టుకారుతో పట్టి నిప్పు తగిలించండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన కొట్టి, నలిపితే పొడి అయ్యే నల్లటి పూస మిగులుస్తుంది. పాలిస్టర్, నైలాన్ కరిగి, చల్లారాక గట్టి గుండులా మిగులుతాయి. ఈ మూడో రకం ముక్కల్ని నూలు ముక్కల మధ్య కలపొద్దన్నది మా గట్టి అభిప్రాయం. మడత నిలవదు, కొంచెం వేడెక్కువైనా ఇస్త్రీ పెట్టె కింద ముడుచుకుపోతాయి, మీద కప్పుకుంటే చెమట పీల్చవు. అవి అమ్మకు ఇష్టమైన చీరలే అయితే వాటితో విడిగా దిండు గలీబు కుట్టుకోవచ్చు.

రంగు పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. పాత ఎరుపు, మెరూన్, ముదురు నీలం చీరలకు తడి తెల్లగుడ్డ ముక్కను అద్ది, పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. రంగు అంటితే చల్లని నీళ్ళలో పదేపదే జాడించండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఉప్పు వేసి నానబెడితే రంగు ఆగుతుందని మనవైపు అందరూ అంటారు. పాత చీరల రంగును ఉప్పు కట్టెయ్యలేదు. ఎంత జాడించినా రంగు వదులుతూనే ఉంటే దాన్ని తెల్లపంచె ముక్కల పక్కన పెట్టకండి. అనంతపురం, కడప వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల గడ్డుగా ఉంటాయి. సబ్బు నురగ రాక గుడ్డలోనే ఉండిపోయి, ఆరాక గుడ్డ అట్టలా అవుతుంది. అందుకే సబ్బు తక్కువ వేసి, ఒక జాడింపు ఎక్కువ పెట్టండి. పట్టుకు కుంకుడు రసం చాలు.

పట్టుచీర జరీ సంగతి కోతకు ముందే చూసుకోవాలి. పాత జరీలో వెండి ఉండొచ్చు, అది నల్లబడి కనిపిస్తుంది. పనికిరాదని కోసి పారేస్తే తర్వాత బాధపడతారు. జరీ అంచును, కొంగును నిలువుగా వేరుచేసి దాచండి. ముక్కలుగా కోయాల్సింది మధ్యలోని ఒడలి గుడ్డను మాత్రమే. జరీ ముక్క బొంతలోకి వస్తే గీరుకుంటుంది, సూది దిగదు, పసిబిడ్డ కింద అసలు వేయకూడదు.

నాలుగు పద్ధతులు, ఒక్కొక్కటి ఎవరికి

మొదటిది కాగితం పెట్టి కుట్టే పద్ధతి. అట్టలాంటి కాగితాన్ని ఆరుమూలలుగా కోసి, దాని మీదికి గుడ్డ అంచులు మడిచి టాకాలు (మడతను పట్టి ఉంచే వదులు కుట్లు) వేసి, అలా తయారైన ముక్కల్ని అంచుకు అంచు చేర్చి చుట్టుకుట్టుతో (రెండు అంచుల మీదుగా దారం చుట్టుకుంటూ పోయే కుట్టుతో) కలుపుతారు. చుట్టూ ముక్కలన్నీ కుట్టాక కాగితం తీసేస్తారు. ఇంగ్లండ్‌లో ఈ పని చాలా పాతది. 1718 అని సంవత్సరం కుట్టిన పట్టు అతుకుల దుప్పటి ఒకటి అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉంది, దాని కాగితాలు ఇంకా లోపలే ఉన్నాయి. కాగితం వల్ల లాభం ఏమిటంటే, పల్చటి మెత్తటి పాతచీర సాగిపోదు. ఆరుమూలల ముక్కలో ఎలా కోసినా కనీసం నాలుగు పక్కలు పోగుకు ఏటవాలుగా పడతాయి, ఏటవాలు అంచు లాగితే సాగుతుంది. కాగితం దాన్ని పట్టి ఉంచుతుంది. నేతచీరలు, పంచెలు, లంగా గుడ్డలు కలగలిసి ఉన్న ఇంటికి మేం చెప్పేది ఈ పద్ధతే.

రెండోది గీత గీసి రన్నింగ్ కుట్టు వేసే పద్ధతి. గుడ్డ వెనక వైపు ఆరుమూలల గీత గీసి, చుట్టూ పావు అంగుళం వదిలి కోసి, రెండేసి ముక్కల్ని ముఖాముఖి పెట్టి గీత మీదుగా కుడతారు. టాకాలు, కాగితాలు అక్కర్లేదు, పని తొందరగా సాగుతుంది. కుట్టు అంచుకు పావు అంగుళం లోపల పడుతుంది కాబట్టి అతుకు గట్టిగానూ ఉంటుంది. కానీ మూల దగ్గర కుట్టు గీత చివర ఆగి తీరాలి. పావు అంగుళం మార్జిన్‌లోకి రెండు కుట్లు ఎక్కువ పోయినా మూడో ముక్క కలిపేటప్పుడు నడుమ గుబ్బ లేస్తుంది. గట్టి నూలు ఉన్నప్పుడు, చేతికి కుట్టు బాగా అలవాటైనప్పుడు మాత్రమే ఇది బాగుంటుంది. పల్చబడ్డ చీరలకు వద్దు.

మూడోది అడుగు గుడ్డ మీద పూలు అతికే పద్ధతి. కాగితం మీద మడిచి తయారుచేసిన ముక్కల్ని ఏడేసి కలిపి పూలు చేసి, కాగితం తీసి, ఒక గట్టి పంచె మీద హెమ్మింగ్‌తో కుట్టేస్తారు. బరువంతా పంచె మోస్తుంది, పై ముక్కలకు లాగుడు ఉండదు. బాగా బలహీనమైన, తీసేయలేని గుడ్డలకు ఇదొక్కటే దారి. ఆసరాగా మల్లుగుడ్డ (పల్చటి నూలుగుడ్డ) ముక్కను వెనక కలిపి మడిస్తే పట్టు కూడా ఇలా నిలబడుతుంది. ఇంకో సౌకర్యం, గుడ్డ తక్కువున్నా సరిపోతుంది. ఇరవై పూలకు 140 ముక్కలు చాలు, మిగతాదంతా తెల్లపంచె.

నాలుగోది మన మామూలు బొంతే. చీరలు, పంచెలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, ఈ కొస నుంచి ఆ కొసకు వరసలుగా కుట్టు వేస్తారు. ఆరుమూలల పని నడుమ ఒక్క పువ్వుకే పరిమితం. బొంత కుట్టడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండి, మీకు నెలల తరబడి కూర్చునే తీరిక లేకపోతే ఇదే ఎంచుకోండి. చిన్న పని అని తక్కువగా చూడక్కర్లేదు. నడుమ పువ్వులో పదిమంది చీరలు కనిపిస్తాయి, చుట్టూ ఉన్నది మామూలు బొంత కాబట్టి రోజూ వాడినా చెడదు.

ముక్క సైజు: లెక్క చూసుకుని దిగండి

ముక్క సైజు అంటే ఒక పక్క పొడవు. కోసి అమ్మే కాగితాలు తెప్పించుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. కొందరు పక్క పొడవు రాస్తారు, కొందరు వెడల్పు రాస్తారు. పక్క అంగుళంన్నర ఉన్న ముక్కకు ఎదురెదురు పక్కల మధ్య వెడల్పు 2.6 అంగుళాలు, మూల నుంచి మూలకు 3 అంగుళాలు.

ఒంటి మంచానికి సరిపోయే 60 అంగుళాలు, 90 అంగుళాల బొంతకు అంగుళం ముక్కలైతే సుమారు 2,080 కావాలి. అంగుళంన్నర అయితే 925, రెండంగుళాలైతే 520. గుడ్డ మాత్రం అంత తేడాగా పట్టదు. 45 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ మీటరుకు అంగుళం ముక్కలు 250, అంగుళంన్నర ముక్కలు 130, రెండంగుళాల ముక్కలు 80 వస్తాయి. అంటే మొత్తం బొంతకు వరసగా ఎనిమిది, ఏడు, ఆరున్నర మీటర్ల మంచి గుడ్డ. చిన్న ముక్కకు మడతల్లోకి పోయే గుడ్డ ఎక్కువ.

అసలు తేడా చేతిపనిలో ఉంది. ఒక్కో అతుకు రెండు ముక్కలకు ఉమ్మడి కాబట్టి ముక్కకు మూడు పక్కల కుట్టు పడుతుందని లెక్క. ఆ ప్రకారం అంగుళం ముక్కల బొంతలో 158 మీటర్ల అతుకు కుట్టాలి. అంగుళంన్నరకు 106 మీటర్లు, రెండంగుళాలకు 79 మీటర్లు. అంగుళంన్నర ముక్కకు టాకా, కుట్టు కలిపి పన్నెండు నిమిషాలు అనుకుంటే బొంత పైభాగానికే 185 గంటలు పడుతుంది. రోజుకు గంట కూర్చుంటే ఆరు నెలలు. మూడో పద్ధతిలో ఒక్కో పువ్వుకు లోపలి అతుకులు 12, పంచెకు కుట్టే బయటి పక్కలు 18 పడతాయి, అయినా ఇరవై పూలే కాబట్టి అంగుళంన్నర ముక్కలకు సుమారు 23 మీటర్లతో పని అయిపోతుంది. పెళ్ళి ముహూర్తం లోపల, పురుడు లోపల కావాలనుకునేవాళ్ళు ఈ అంకె చూసి నిర్ణయించుకోవాలి.

మా ఎంపిక అంగుళంన్నర. అంగుళం ముక్కలో చీర అంచు పువ్వు, గీత, చుక్క ఏవీ గుర్తుపట్టేంత కనిపించవు. ఎవరి చీర ఏదో చెప్పుకోవడానికే కదా ఈ బొంత. రెండంగుళాల ముక్క పెద్ద పూల చీరలకు బాగుంటుంది గానీ పల్చటి గుడ్డకు అంత వెడల్పు ఆసరా లేకుండా వదిలితే నడుమ జారుతుంది, బొంత కుట్టు దగ్గరగా వేయాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య చీరలు పంచుకోవాల్సిన ఇంట్లో ఒక పెద్ద బొంత కంటే 36 అంగుళాలు, 45 అంగుళాల చిన్న బొంతలు మూడు నాలుగు కుట్టడం మంచిది. ఒక్కోదానికి అంగుళంన్నర ముక్కలు 280 లోపే. ఒక్కో చీర నుంచి అందరికీ భాగం వస్తుంది.

పేర్చే తీరుకు పుస్తకాలు అక్కర్లేదు, ముగ్గు వేసే చేయి చాలు. సందుచుక్కల ముగ్గులో చుక్క ఉన్నచోట ముక్క ఉందనుకోండి. మూడు చుక్కలు, రెండు వచ్చే వరకు అంటే ఏడు ముక్కల పువ్వు. ఐదు చుక్కలు, మూడు వరకు అంటే 19 ముక్కలది. ఏడు, నాలుగు వరకు అంటే 37. తొమ్మిది, ఐదు వరకు అంటే 61. నాలుగో పద్ధతిలో బొంత నడుమకు 37 ముక్కలది సరిపోతుంది. అంగుళంన్నర ముక్కలతో 18 అంగుళాల వెడల్పు, 16న్నర అంగుళాల ఎత్తు వస్తుంది. రెండంగుళాల వాటితో 24, 22 అంగుళాలు. నేల మీద చుక్కలు పెట్టి, రంగు సుద్దలతో ఏ చీర ఎక్కడో గుర్తు పెట్టుకుని, ఫోటో తీసి ఉంచుకోండి.

కాగితం, సూది, దారం

కాగితం ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. మిల్లీమీటరు తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ అడ్డంగా 23 ముక్కలు వచ్చేసరికి అది అంగుళం దాకా పోతుంది, బొంత ఒక మూల ఎగుడుదిగుడు అవుతుంది. కంపాస్‌ను అంగుళంన్నర తెరిచి వృత్తం గీసి, అదే కొలతతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టి కలిపితే కచ్చితమైన ఆరుమూలలు వస్తాయి. దాన్ని గట్టి ప్లాస్టిక్ ముక్క మీద కోసి అచ్చుగా వాడండి. ఒక కాగితాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరొకటి గీస్తూ పోతే ప్రతిసారీ కొలత పెరుగుతుంది.

జిరాక్స్ కాగితం మెత్తన, ఒకటి రెండుసార్లకే మూలలు నలుగుతాయి. డ్రాయింగ్ షీటు సరిగ్గా సరిపోతుంది. పెళ్ళి శుభలేఖలు వాడేవాళ్ళున్నారు. లోపలి తెల్ల అట్ట మంచిదే, బంగారు అచ్చు ఉన్న వైపు మాత్రం గుడ్డకు అంటుతుంది. న్యూస్‌పేపరు సిరా తెల్లపంచెకు మరక చేస్తుంది కాబట్టి వద్దు. 925 కాగితాలు కోయక్కర్లేదు. ఆరు పక్కలా కుట్టు పూర్తయిన ముక్క నుంచి కాగితం తీసి మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి 250 చాలు.

సూది తొమ్మిది లేదా పది నంబరుది తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. లావు సూది పాత గుడ్డలో పోగులు తెంపుతుంది. దారం సన్నటి నూలుదారం, మూరెడు పొడవు చాలు. అంతకంటే పొడవు పెడితే పదే పదే గుడ్డలోంచి దూరి నూగు లేచి తెగుతుంది. గట్టి పాలిస్టర్ దారం మన్నుతుందని అనుకుంటారు గానీ లాగుడు పడినప్పుడు దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, గుడ్డ తెగితే ఏం చేయలేం. రంగు విషయంలో బూడిద రంగు దారం ఒకటి ఉంటే ముప్పావు వంతు చీరలకు కలిసిపోతుంది.

కుట్టే తీరు, తప్పులు జరిగే చోట్లు

అంగుళంన్నర ముక్కకు గుడ్డను మూడుంబావు, మూడుముప్పావు అంగుళాల దీర్ఘచతురస్రంగా కోసి, కాగితం పెట్టి, చుట్టూ పావు అంగుళం ఉండేలా కత్తిరించండి. కాగితం రెండు ఎదురు పక్కలు పడుగుకు సమాంతరంగా ఉంచితే బొంత అంతా ఒకే వైపు నిలుస్తుంది. మెత్తబడిపోయిన చీరకు కోతకు ముందు పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత కత్తిలా వస్తుంది. ఆ గంజి చివర ఉతికేటప్పుడు పోతుంది.

టాకా కాగితంలోంచి దించాల్సిన పని లేదు. ఒక పక్క మడిచి, రెండో పక్క దాని మీదికి మడిచి, మూల దగ్గర రెండు మడతల్నే కలిపి రెండు చిన్న కుట్లు వేసి, దారం తెంపకుండా తర్వాతి మూలకు పొండి. ఆరు మూలలూ అలాగే. ఈ టాకా చివరిదాకా వెనకే ఉండిపోతుంది, విప్పే పని ఉండదు. గమ్ స్టిక్‌తో అంటించడం తొందర పని. కానీ పల్చటి చీర కాగితం నుంచి ఊడదీసేటప్పుడు పోగులు లేస్తాయి, పట్టు మీద మరక మిగులుతుంది. మన ఏప్రిల్, మే వేడికి గమ్ మెత్తబడి గుడ్డలోంచి పైకి వస్తుంది కూడా. పాత బట్టలకు దారమే వాడండి.

కలిపేటప్పుడు రెండు ముక్కల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, మడత కొస నుంచి రెండు పోగులు మాత్రమే సూదికి అందుకునేలా చుట్టుకుట్టు వేయండి. అంగుళానికి పన్నెండు నుంచి పదహారు కుట్లు. సూది మొన కాగితానికి తగిలి జారుతున్నట్టు తెలియాలి, కాగితంలోకి దిగితే లోతు ఎక్కువైనట్టు. లోతుగా పట్టిన కుట్టు పైకి పళ్ళవరసలా కనిపిస్తుంది, కాగితం కూడా ఊడిరాదు. పోగులు విడిపోయే గుడ్డకు మాత్రం రెండు పోగుల కుట్టు ఆగదు. దానికి మల్లుగుడ్డ ఆసరా పెట్టి, రెండు గుడ్డల్నీ కలిపి పట్టుకుంటూ కుట్టండి.

మూడు ముక్కలు కలిసే మూలే అసలు పరీక్ష. కుట్టు మూలకు నూలుపోగంత ముందు ఆగిపోతే అక్కడ కన్నం పడుతుంది. అది వేలు తగిలి తగిలి పెద్దదవుతుంది. ప్రతి మూలలో ఒకే చోట రెండు కుట్లు వేసి, మూడో ముక్క చేర్చేటప్పుడు ఆ మూలను మళ్ళీ ఒకసారి పట్టండి. మూడో ముక్క చేర్చడానికి మొదటి రెండింటిలో ఒకదాన్ని నడుమకు మడవాల్సి వస్తుంది. కాగితం వంగితే వంగనివ్వండి, కుట్టు లాగి బిగించకండి. దారం బిగిస్తే వరస కుంచించుకుపోయి గిన్నెలా లేస్తుంది.

పట్టు పని చెమట చేతులతో చేయకూడదు, మరక దిగితే పోదు. ఎండాకాలంలో నూలు ముక్కలు చేసుకుని పట్టును కార్తీకం తర్వాతకు ఉంచుకోండి.

లోపల ఏం వేయాలి, పైన ఏ కుట్టు

ఇక్కడ మా ఓటు పాత పంచెలకే. రెండు పొరల మల్లుపంచె నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన చలికి చాలు, ఉతికితే ఆరుతుంది, ముద్ద కట్టదు. పైన ముక్కలు ఏ గుడ్డో లోపలా అదే గుడ్డ కాబట్టి ముడతలు రావు. జేజినాయన పంచెలు లేకపోతే కొత్త గుడ్డ కొనొచ్చు, కానీ ఒకసారి తడిపి ఆరబెట్టకుండా వేస్తే మొదటి ఉతుకులో అది కుంచించుకుని పై ముక్కలన్నీ ఉబ్బుతాయి.

ఏకిన దూది వేస్తే వెచ్చగా, బరువుగా ఉంటుంది, కానీ దాన్ని ఉతకలేరు. కుట్టు దగ్గరగా లేకపోతే దూది జారి మూలలకు చేరుతుంది. అతుకుల బొంతను ఏడాదికి రెండుసార్లైనా నీళ్ళలో పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఇది సరిపోదు. పాలిస్టర్ దూది షీటు తేలిక, ఉతుకుకు నిలుస్తుంది, తొందరగా ఆరుతుంది. చలి ఎక్కువున్న ఊళ్ళో ఉండే పిల్లలకు పంపేటట్టయితే అది వేయండి. ఇక్కడ కప్పుకుంటే ఉక్కపోస్తుంది. నాలుగో దారి లోపల ఏమీ వేయకుండా పై ముక్కలు, అడుగు చీర రెండే కలపడం. ఎండాకాలం మిద్దె మీద పడుకునేవాళ్ళకు తెల్లవారుజాము చలికి అంతే చాలు.

అడుగుకు ఒక మంచి చీర సరిపోతుంది. రెండున్నర మీటర్ల చొప్పున రెండు ముక్కలు చేసి పక్కపక్కన అతికితే 90 అంగుళాల పన్నా వస్తుంది. ఒక ముక్కను సన్నం చేసుకుంటే 60 అంగుళాల బొంతకు చుట్టూ మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే ఉంటుంది, ఆ ఎక్కువ కావాలి కూడా. కుట్టేకొద్దీ పై పొర పరుచుకుంటుంది.

పొరలు పరిచి బెత్తెడుకొకటి చొప్పున టాకా వేసుకున్నాక, పై కుట్టు రెండు రకాలు. ప్రతి ముక్క లోపల పావు అంగుళం ఎడంలో ఆరుమూలలుగా కుట్టడం చూడ్డానికి ఎంతో అందం. కానీ అంచుల దగ్గర మడతలు, రెండు పంచెలు, అడుగు చీర కలిసి మందమవుతాయి, చేయి నొస్తుంది. రెండోది మన బొంత కుట్టు, ముక్కల గీతలు పట్టించుకోకుండా రెండంగుళాలకు ఒక వరస చొప్పున తిన్నగా కుట్టుకుపోవడం. పాత గుడ్డలకు ఇదే మంచిది, ప్రతి ముక్క మీదా ఒక వరస తప్పకుండా పడి గుడ్డను కింది పొరలకు కట్టేస్తుంది. నాలుగంగుళాలకు ఒక ముడి వేసి వదిలేసే పద్ధతి పాత చీరలకు పనికిరాదు, లాగుడంతా ముడి దగ్గరే పడి గుడ్డ అక్కడ చిరుగుతుంది.

అంచు మెట్లుమెట్లుగా మిగులుతుంది. తిన్నగా కోసేయాలనుకుంటే ముందు కోత గీతకు లోపల ఒక వరస కుట్టు వేసి, తర్వాతే కత్తెర పెట్టండి. లేకపోతే కోసిన చోట చుట్టుకుట్టు ఊడిపోతుంది. పనికి ఓపిక ఉంటే మెట్లను అలాగే ఉంచి, ఒక పట్టీ గుడ్డ మీద పరిచి హెమ్మింగ్ చేయండి. చుట్టూ వేసే పట్టీకి చీర అంచే వాడాలి. ఒడలి గుడ్డ కంటే అంచు నేత గట్టిగా ఉంటుంది, బొంతలో ముందు అరిగేది అంచులే. చుట్టుకొలత 300 అంగుళాలు, అంటే 7.6 మీటర్లు. ఒక చీర రెండు అంచులూ కలిపితే 11 మీటర్లు, మూలల మడతలకు పోయినా మిగులుతుంది.

ఉతికేటప్పుడు బండకేసి కొట్టొద్దు, మెషీన్‌లో తిప్పొద్దు. పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, కాళ్ళతో మెత్తగా తొక్కి, రెండు మూడు నీళ్ళు మార్చండి. పిండకుండా చుట్టచుట్టి నొక్కి నీళ్ళు ఓడ్చాలి. తడి బొంతను తీగ మీద వేలాడేస్తే ఆ బరువుకు అతుకులు తెరుచుకుంటాయి కాబట్టి, మిద్దె మీద నీడపట్టున పాత దుప్పటి పరిచి, దాని మీద తిరగేసి ఆరబెట్టండి.